వంగపండు పాట: ఆరోహణ, అవరోహణ – ఒక పరిశీలన

సంగ్రహం

ఉత్తరాంధ్ర మాండలికాన్ని, జానపద బాణీలను ఉద్యమ గీతానికి వాహికలుగా మలచిన తొలితరం వాగ్గేయకారుల్లో వంగపండు ప్రసాదరావు (1943–2020) ముఖ్యుడు. 1970లలో ఆయన గొంతు ఊరూరా మారుమోగింది. చివరి దశాబ్దాల్లో మాత్రం ఆయన పాట వినిపించినంతగా ఆయన పేరు వినిపించలేదు. ఈ వ్యత్యాసానికి కారణాలను పాట పుట్టిన నేల, దాని నిర్మాణం, అది నిలబడిన వ్యవస్థ అనే మూడు కోణాల నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జమైకాకు చెందిన తొలితరం రెగే గాయకుడు డెస్మండ్ డెకర్ జీవితాన్ని పోలికగా తీసుకొంటుంది.

కీలకపదాలు: వంగపండు, ఉద్యమ గీతం, ఉత్తరాంధ్ర మాండలికం, జముకుల కథ, థింసా, రెగే, కర్తృత్వం.

1. ప్రవేశిక

ఒక గాయకుడి జీవితాన్ని రాసేటప్పుడు మనం సాధారణంగా ఎదుగుదలను ప్రతిభకు, క్షీణతను అతని బలహీనతకో కాలమహిమకో ఆపాదిస్తాం. ఒక కొత్త పాటరీతికి ఆద్యులైన వారి విషయంలో ఈ సూత్రం సరిపోదు. ఆద్యుడు తన పాటతో పాటు, ఆ పాటను ఎవరైనా కట్టగల పద్ధతిని కూడా లోకానికి ఇస్తాడు. పద్ధతి ఎంత వ్యాపిస్తే మూలపురుషుడు అంత వెనక్కి జరుగుతాడు. కాబట్టి అతని అవరోహణలో కొంత భాగం అతని విజయం నుంచే పుడుతుంది. మిగిలిన భాగం అతన్ని మోసిన వ్యవస్థ నుంచి పుడుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే వంగపండు చరిత్ర ఒక నిట్టూర్పుగా మిగిలిపోతుంది, సాహిత్య చరిత్రలో భాగం కాలేదు.

2. పాట పుట్టిన నేల

వంగపండు 1943లో పార్వతీపురం సమీపంలోని పెదబొండపల్లిలో జన్మించారు. తెలుగునాట ప్రజానాట్యమండలి రూపుదిద్దుకొన్నదీ ఆ సంవత్సరమే. బుర్రకథను, హరికథను, వీధినాటకాన్ని రాజకీయ ప్రచారానికి వాడుకొనే సంప్రదాయం కోస్తాలోను, తెలంగాణలోను అప్పటికే మొలకెత్తింది. ఉత్తరాంధ్ర గిరిసీమలో అది మరో రెండు దశాబ్దాల తరువాత తనదైన రూపం తొడిగింది.

పార్వతీపురం నుంచి పాడేరు, అరకు వరకు సాగే తూర్పు కనుమల ప్రాంతం సవర, జాతాపు, కొండదొర, బగత, కొదు, పోర్జ తదితర తెగల నివాసభూమి. ఇక్కడి కళారూపాలకు ఒక సామాన్య లక్షణం ఉంది. వాటిలో ఏ ఒక్కరి పేరూ ప్రధానం కాదు. అరకు ప్రాంతపు థింసానే చూద్దాం. స్త్రీలు ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని వలయంగా కదులుతారు. తుడుము, మోరి, కిరిడి, డప్పు, జోడుకొమ్ములు తోడవుతాయి. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకైనా, పెళ్లికైనా ఆడే ఆ నాట్యంలో అడుగు తప్పితే పక్కవారి చేయి సరిచేస్తుంది. ఆ పాట ఎవరిదన్న ప్రశ్న అక్కడ ఉదయించదు. మైదానంలోని తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం, జముకుల కథ వంటి రూపాల్లో గురువుకు, దళానికి గుర్తింపు ఉంటుంది. బాణీ మాత్రం ఉమ్మడి ఆస్తి.

ఈ ఉమ్మడి ఆస్తిని రాజకీయంగా మలచిన తొలి ప్రముఖుడు సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడులో ఆలయ పూజారిగా ఉన్న ఆయన జముకుల కథను గిరిజన, రైతాంగ పోరాట గాథకు ఉపకరణంగా చేసుకొన్నారు. ఒకవైపు తోలు బిగించి, నడుమ తీగ లాగి మీటే జముకు శబ్దం ఆ కాలపు సభలకు పిలుపుగా మారింది. 1967 అక్టోబర్ 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే గిరిజనులు కాల్పుల్లో మరణించిన తరువాత ఉద్యమం సాయుధ రూపం వైపు మళ్లింది. 1969 డిసెంబరులో పాణిగ్రాహి, 1970 జులైలో ఉద్యమ నాయకులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ప్రాణాలు కోల్పోయారు. ఈ నేపథ్యంలోనే గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959లో తెచ్చిన భూబదలాయింపు నిబంధనలను ప్రభుత్వం 1970లో మరింత కఠినం చేసింది.

నాయకులు నేలకొరిగిన చోట, సభలు నిషిద్ధమైన చోట, జ్ఞాపకాన్ని మోసే బాధ్యత పాట మీద పడింది. వంగపండు రంగప్రవేశం చేసినది ఈ ఖాళీలోకి. ఆయనకు పాణిగ్రాహి నుంచి సంక్రమించినవి రెండు: స్థానిక రూపాన్ని విడవకపోవడం, పాట కింద సంతకం పెట్టకపోవడం. మొదటిది ఆయనను నిలబెట్టింది. రెండోది తరువాత ఆయనకు నీడ లేకుండా చేసింది.

3. ఫిట్టరు గొంతు

వంగపండు విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. ఆయన పాటల్లోని రెండు లోకాలు, అంటే కొండ, కర్మాగారం, ఇలా ఒకే జీవితంలో కలిశాయి. ఆ కలయిక ఆయన ఒక్కరిదే కాదు, ఆ ప్రాంతానిది కూడా. 1960లలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం అరకు లోయను చీల్చుకొంటూ బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించింది. కొండ మీది రాయి కిందికి, కొండ కింది పల్లెల యువకుడు కర్మాగారంలోకి ఒకే కాలంలో ప్రయాణించారు. యంత్రం నడవడం వెనుక ఉన్న మనిషి చెమటను విప్పిచెప్పే ఆయన ప్రసిద్ధ గీతాన్ని ఈ భూగోళం మీద నిలిపి చదివినప్పుడే దాని సాంద్రత తెలుస్తుంది. ఆ పాటలో యంత్రం అబ్బురపరిచే వస్తువు కాదు. విప్పి చూపగల పనిముట్టు. భాగాలు విడదీసి, అమర్చి చూసే ఫిట్టరు దృష్టి దాని రచనాపద్ధతిలోనే ఉంది.

1972 ప్రాంతంలో రూపుదిద్దుకొన్న జననాట్యమండలిలో గద్దర్‌తో పాటు వంగపండు ప్రధాన గాయకులయ్యారు. కాలికి గజ్జెలు, నోటినిండా పల్లె పలుకు, పాటకూ పాటకూ నడుమ హాస్యం, ఎత్తిపొడుపు, ముచ్చట: ఇది ఆయన ప్రదర్శన రీతి. ఆయన రాసి పాడిన పాటలు వందల్లో ఉన్నాయి. ‘భూమి భాగోతం’ వంటి నృత్యరూపకంలో వీధిభాగవతపు చట్రం భూసమస్యకు వేదికైంది.

ఈ ఆరోహణకు ప్రతిభ ఒక్కటే కారణం కాదు. పాట చేరడానికి అచ్చుగాని, రేడియోగాని, సినిమాగాని అవసరం లేని ఒక ప్రసార మార్గం ఆయనకు లభించింది. సంఘం సభ పెడుతుంది, కార్యకర్తలు పాట నేర్చుకొంటారు, మరో ఊళ్లో వారే పాడతారు. ఇలా ఒక గొంతు వంద గొంతులవుతుంది. ఈ మార్గంలో గాయకుడికి రాబడి లేదు, హక్కు లేదు. వ్యాప్తి మాత్రం అపారం.

4. పిలుపు నిర్మాణం

వంగపండు పేరు చెప్పగానే స్ఫురించే ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ను నిర్మాణపరంగా పరిశీలించాలి. ఈ శీర్షికలోని క్రియారూపమే ఒక మాండలిక పాఠం. ప్రమాణభాషలోని ‘వెళ్దాం వస్తావా’ ఇక్కడ మూడు మార్పులు పొందింది. పదాది వకారం లోపించి ‘వెళ్’ ‘ఎల్’ అయింది, దీర్ఘాలు హ్రస్వాలయ్యాయి, రెండు క్రియలు సంధిగా కలిసి ఒకే ఊపిరిలో పలికే మాటగా మారాయి. ‘పిల్లవాడు’ కుదించుకొని ‘పిల్లడు’ కాగా, దాని మీద ‘ఓ’ అనే సంబోధన చేరింది. ఈ మార్పుల ఫలితంగా పలుకు అడుగుకు అనువైన లయను సంతరించుకొంది. ప్రమాణభాషలోకి మారిస్తే అర్థం మిగులుతుంది, అడుగు పోతుంది.

రెండో అంశం పిలుపు స్వభావం. జాతరకో, సంతకో, కొండకో తోడు రమ్మని యువతీయువకులు పరస్పరం పిలుచుకొనే సరస సంభాషణ జానపద శృంగార గీతాల్లో సుపరిచితం. వంగపండు ఆ చట్రాన్ని యథాతథంగా ఉంచి గమ్యాన్ని మార్చారు. ఈ పాటలో పిలుపు శ్రీకాకుళం కొండల వైపు, పోరాటం సాగిన నేల వైపు. శ్రోత సరసమనుకొని చెవి ఒగ్గుతాడు. ఆలకించేసరికి ప్రయాణంలో భాగమై ఉంటాడు. పాట బలం ఈ మలుపులో ఉంది. దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది. గమ్యాన్ని చెరిపివేస్తే మిగిలేది మళ్లీ సరసమే.

5. జమైకా నుంచి ఒక పోలిక

ఉద్యమ వ్యవస్థలో ఎదిగిన గాయకుడికి కలిగిన అవరోహణ వ్యక్తిగతమా, లేక ఆద్యులందరికీ సామాన్యమా అన్నది తేలాలంటే పూర్తిగా భిన్నమైన వ్యవస్థలోని మరొక ఆద్యుణ్ణి పక్కన నిలిపి చూడాలి. డెస్మండ్ డెకర్ అందుకు తగిన వ్యక్తి.

జమైకాలో 1960లలో స్కా, రాక్‌స్టెడీ అనే లయరీతుల మీదుగా రెగే ఏర్పడింది. బలమైన దెబ్బల నడుమనున్న ఖాళీలో గిటారు పలకడం, మంద్రస్థాయి బేస్ వాద్యం పాటను నడిపించడం దీని ప్రధాన లక్షణాలు. ‘రెగే’ అన్న మాట 1968లో టూట్స్ అండ్ ద మేటల్స్ బృందం పాటతో ప్రచారంలోకి వచ్చింది. 1941లో పుట్టిన డెకర్ చిన్నవయసులోనే తల్లిదండ్రులను కోల్పోయి, కింగ్‌స్టన్‌లో వెల్డింగ్ పనిలో చేరాడు. పని చేస్తూ పాడుతుంటే తోటి పనివారే అతన్ని గాయకుడిగా ప్రయత్నించమని ప్రోత్సహించారు. అక్కడే వెల్డింగ్ నేర్చుకొంటున్న బాబ్ మార్లీని నిర్మాత లెస్లీ కాంగ్ వద్దకు వెళ్లమన్నది కూడా డెకరే.

అతని ‘ఇజ్రయిలైట్స్’ 1968లో వెలువడి, 1969లో బ్రిటన్‌లో అగ్రస్థానానికి, అమెరికాలో తొలి పది పాటల్లోకి చేరింది. తెల్లవారకముందే లేచి కూలికి పోయినా ఇల్లు గడవని మనిషి వేదన అందులోని వస్తువు. జమైకా పలుకుబడి అర్థంకాని బ్రిటన్ శ్రోతలు ఆ మాటలను తప్పుగా వింటూనే నాట్యమాడారు. 1971లో లెస్లీ కాంగ్ మరణించడంతో డెకర్ ఆధారం సడలింది. 1973 తరువాత మార్లీ కీర్తి ప్రపంచమంతటా పరచుకోగా, డెకర్ పాత పాటల గాయకుడిగా మిగిలాడు. 1975లో ‘ఇజ్రయిలైట్స్’ పునర్విడుదలై మళ్లీ ఆదరణ పొందినా, 1984లో అతడు దివాలా తీశాడు. తరువాతి కాలంలో ఆ కూలివాని పాట బాణీ బ్రిటన్‌లో రొట్టెకు పూసే కొవ్వుపదార్థం ప్రకటనలోనూ, మాటలను తప్పుగా వినడమనే హాస్యం ఆధారంగా ఖాళీ క్యాసెట్ల ప్రకటనలోనూ వినిపించింది. 2006 మే 25న అతడు లండన్‌లో మరణించాడు.

ఒకరు ఫిట్టరు, ఒకరు వెల్డరు. ఇద్దరూ ప్రమాణభాష బయట నిలిచి పాడారు. ఇద్దరూ ఒక రీతికి ఆద్యులై, సహచరుడి విస్తృత కీర్తి నీడలో నడిచారు. భేదం ఒక్కటే: డెకర్ పాటకు రికార్డు, ముద్ర, కర్త పేరు ఉన్నాయి, వంగపండు పాటకు సంఘం, సభ, జ్ఞాపకం ఉన్నాయి. అమ్మకంలో బతికిన పాట గాయకుడిని రుణగ్రస్తుణ్ణి చేసింది. ఉమ్మడిలో బతికిన పాట గాయకుడిని అనామకుణ్ణి చేసింది.

6. అవరోహణకు కారణాలు

వంగపండు విషయంలో మూడు కారణాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది ప్రసార మార్గం కుంచించుకుపోవడం. 1970 తరువాతే శ్రీకాకుళ ఉద్యమం దెబ్బతిన్నది. 1985 నుంచి జననాట్యమండలి ప్రదర్శనలపై తీవ్ర నిర్బంధం అమలైంది. గద్దర్ అజ్ఞాతవాసానికి వెళ్లి 1990లో తిరిగి బయటికి వచ్చారు. సభే ఆధారమైన కళకు సభ లేకపోవడమంటే ముద్రణాలయం మూతపడడమే. అచ్చులోనో, ధ్వనిముద్రణలోనో క్రమపద్ధతిలో భద్రపరచని పాట ఆ విరామంలో కర్తకు దూరమైంది.

రెండోది ప్రాంతీయ సందర్భం లోపించడం. తెలంగాణ ఉద్యమం అక్కడి పాటకు రెండో జన్మనిచ్చింది. 2014లో రాష్ట్రం ఏర్పడేదాకా ఒక తరం గాయకులు, కొత్త శ్రోతలు, కొత్త వేదికలు ఏర్పడ్డాయి. పాత పాటలు కొత్త అర్థంతో పునరావృతమయ్యాయి. తెలంగాణ పలుకుబడి సాహిత్య గౌరవాన్ని పొందింది. ఉత్తరాంధ్రకు వలస, వెనుకబాటు, గిరిజన భూముల సమస్య వంటి వేదనలు ఉన్నా, వాటన్నిటినీ ఒక్క గొంతుగా పలికించే విస్తృత ఉద్యమం ఏర్పడలేదు. అలల మీద సాగే పడవకు అల తగ్గినప్పుడు సరంగు నేర్పు ఒక్కటే చాలదు.

మూడోది ఆ పలుకుబడికి బయట దక్కిన స్థానం. ఉత్తరాంధ్ర యాస తెలుగు సినిమాలో చాలాకాలం హాస్యపాత్రలకు, సేవకపాత్రలకు పరిమితమైంది. అదే యాసలో కోపాన్ని, తర్కాన్ని, గౌరవాన్ని పలికించడం వంగపండు సాధించిన విషయం. ఆయన వేదిక తగ్గగానే యాస తిరిగి నవ్వు పుట్టించే సాధనమైంది. ఈ కోణంలో ఆయన అవరోహణ ఒక వ్యక్తికి జరిగిన నష్టం మాత్రమే కాదు. ఒక ప్రాంతపు భాష తన గంభీర స్వరాన్ని కోల్పోవడం.

7. పాట తిరుగు ప్రయాణం

1986లో ఆర్. నారాయణమూర్తి దర్శకత్వంలో వచ్చిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రం ద్వారా వంగపండు పాట వెండితెరకెక్కింది. సభలకు రాని శ్రోతలకు కూడా చేరింది. అప్పటికింకా దాని గమ్యం చెరిగిపోలేదు. చిత్రం ఇతివృత్తమే ఆ పాటకు నేపథ్యంగా నిలిచింది.

2009లో విడుదలైన ‘మగధీర’ చిత్రంలోని ఒక నృత్యగీతంలో ఆ పాట పల్లవి పలుకు వినిపించినప్పుడు పరిస్థితి వేరు. తన అనుమతి లేకుండా వాడుకొన్నారని వంగపండు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. ఆ వివాదాన్ని పారితోషికపు తగవుగా చూస్తే దాని సాహిత్య ప్రాముఖ్యం మరుగున పడుతుంది. జానపద సరసం నుంచి చట్రాన్ని తీసుకొని దానికి ఉద్యమ గమ్యాన్ని ఇచ్చింది వంగపండు. గమ్యం తొలగిన ఆ చట్రం నృత్యగీతంలో మళ్లీ సరసంగా మారింది. పాట బయలుదేరిన చోటికే చేరింది. మధ్యలో జరిగిన ప్రయాణం మాయమైంది. డెకర్ పాట ప్రకటనగా మారిన క్రమం దీనికి సమాంతరం.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఉమ్మడి బాణీ నుంచి తీసుకొన్న కవికి ఆ పాట మీద హక్కు ఉందా? బాణీ మీద లేకపోవచ్చు. అయితే ఆ బాణీకి ఆయన ఇచ్చిన మలుపు మీద, ఆ పలుకుల అమరిక మీద కర్తృత్వం నిస్సందేహంగా ఉంది. ఉమ్మడి సంపద నుంచి తీసుకొన్నవాడు కొత్త విలువను చేర్చి ఉమ్మడికే తిరిగి ఇచ్చాడు. దాన్ని సొంత లాభానికి వాడుకొనేవారికి ఆ ఉమ్మడి సంప్రదాయం రక్షణ కవచం కాకూడదు. థింసా వలయంలో కర్త పేరు అడగరు, నిజమే. ఆ వలయంలో ప్రవేశరుసుము కూడా అడగరు. అనామకత్వం పంచుకొనేవారి మధ్య ధర్మం. అమ్ముకొనేవారి చేతిలో అది సౌకర్యం.

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంగపండును కళారత్న పురస్కారంతో గౌరవించింది. ఒకప్పుడు రాజ్యాన్ని ప్రశ్నించిన గొంతును రాజ్యమే సత్కరించడాన్ని కొందరు గౌరవంగా, కొందరు లొంగుబాటుగా చూడవచ్చు. సాహిత్య పరిశోధకుడు గమనించవలసినది వేరొకటి ఉంది. సత్కారం వ్యక్తికి లభించింది; పాటల పాఠనిర్ణయం, భద్రత అనే పని దానితో తీరలేదు. 2020 ఆగస్టు 4న వంగపండు పార్వతీపురంలో కన్నుమూశారు. గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించారు. జననాట్యమండలి తొలి వేదికను పంచుకొన్న రెండు ప్రధాన గొంతులు మూడేళ్ల వ్యవధిలో మూగబోయాయి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. వంగపండు ఆరోహణకు ఆయన ప్రతిభతో పాటు కర్త పేరు అడగని జానపద సంప్రదాయం, సభల ద్వారా సాగిన ఉద్యమ ప్రసారం కారణాలు. ఆ రెండూ పాటను విస్తరింపజేసి గాయకుడిని వెనక్కి నెట్టాయి. ఉద్యమం సన్నగిల్లడం, ప్రాంతీయ చైతన్యం కొత్త రూపం దాల్చకపోవడం, యాసకు దక్కిన చులకన ఆ దూరాన్ని పెంచాయి. మార్కెట్ వ్యవస్థలో ఎదిగిన డెకర్‌కూ ఇదే గతి పట్టడాన్ని బట్టి, ఆద్యుల అవరోహణను వ్యక్తి వైఫల్యంగా చదవడం సరికాదని చెప్పవచ్చు.

వంగపండు పాటను వేదికల మీద ‘జానపద గీతం’ అని మాత్రమే ప్రకటించడం తరచుగా జరుగుతుంది. ఒక కవికి ఇంతకన్నా పెద్ద ప్రశంస లేదని అనిపించవచ్చు. కర్త పేరు, కాలం, సందర్భం తెలిసి ఉన్న పాటను అజ్ఞాత కర్తృకమని వర్గీకరించడం పరిశోధన దృష్ట్యా దోషమే. ఆయన పాటల పాఠాంతరాలను ఊరు, కాలం, పాడినవారి వివరాలతో సేకరించడం, మాండలిక రూపాలను ప్రమాణభాషలోకి దిద్దకుండా అచ్చువేయడం, గిరిజన భాషల్లో ఆ బాణీలు పొందిన రూపాలను నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పనులు. ఆయనతో వేదిక పంచుకొన్నవారు, ఆ పాటలను నోటికి నేర్చుకొన్న తొలి శ్రోతలు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. వారి జ్ఞాపకంలోని పాఠమే ఆ పాటకు మిగిలిన తొలి ప్రతి; దాన్ని రాసుకొనే వ్యవధి తక్కువగా ఉంది.